మా గైడ్ మీద ఫిర్యాదు వచ్చింది, మద్దతు లేఖ మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: నేను ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన జూనియర్ అమ్మాయి మా గైడ్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చింది. యూనివర్సిటీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ విచారణ మొదలైంది. ఐదేళ్లుగా సార్ నాతో ఒక్క మాట తేడాగా మాట్లాడలేదు. మా నాన్న పోయి నేను ఇంటికి వెళ్లిపోయినప్పుడు నా ఫెలోషిప్ ఆగకుండా చూసింది ఆయనే. ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో సార్‌కి మద్దతుగా ఒక లేఖ తిరుగుతోంది. ‘ఆయన క్యారెక్టర్ మాకు తెలుసు, ఆ అమ్మాయి పని చేయలేక ఈ ఫిర్యాదు పెట్టింది’ అని రాశారు. ‘నువ్వు ఆడపిల్లవి, నీ సంతకం ముఖ్యం’ అని సీనియర్ మేడమ్ ఒకరు రెండుసార్లు అడిగారు. నా సినాప్సిస్ (థీసిస్ సమర్పించే ముందు ఇచ్చే సారాంశం) ఇంకా సార్ టేబుల్ మీదే ఉంది. ఆ అమ్మాయి ఏడాదిగా నోరెత్తలేదు. సార్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా పంపింది, ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కానీ ఒకటి గుర్తొస్తోంది. పోయిన ఏడాది తను ఒకసారి నా దగ్గరికొచ్చి ‘అక్కా, సార్ మీకు కూడా రాత్రుళ్లు ఫోన్ చేస్తారా?’ అని అడిగింది. పనుంటే చేస్తారులే అనేశాను. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: సంతకం పెట్టకండి. కారణాలు నెమ్మదిగా చెబుతాను గానీ, ముందు ఈ మాట చెప్పేస్తే ఈ రాత్రికైనా మీకు కాస్త కునుకు పడుతుంది.

ఆ లేఖ ఇంకోసారి చదవండి. అందులో మీ చేత రెండు మాటలు అనిపిస్తున్నారు. ఆయన ఎలాంటివారో మీకు తెలుసన్నది ఒకటి. ఆ అమ్మాయి ఎందుకు ఫిర్యాదు ఇచ్చిందో మీకు తెలుసన్నది ఇంకొకటి. ఈ రెండోది మీకు తెలియదు, లేఖ రాసినవాళ్లకూ తెలియదు. ఒకమ్మాయి మనసులో ఏముందో పదిమంది కూర్చుని సంతకాలతో తేల్చేయడం ఏమిటి? మొదటిది కూడా మీకు సగమే తెలుసు. మీతో ఆయన ఎలా ఉన్నారో తెలుసు. తలుపు వేసిన గదిలో ఇంకొకరితో ఎలా ఉన్నారో మీరు చూడలేదు.

మీ నాన్నగారు పోయినప్పుడు ఆయన చేసిన సాయం నిజం. ఆ అమ్మాయి చెబుతున్నదీ నిజమే కావచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవని మీరు అనుకుంటున్నారు, మీ టెన్షనంతా అక్కడే ఉంది. ఉంటాయి. వేధించే మనిషి కనపడిన వాళ్లందరినీ వేధించడు, ఎవరు ఎదురు చెప్పలేరో చూసుకుంటాడు. మీ సార్ అలాంటివారని నేను అనడం లేదు, నాకు ఆయన తెలియదు. మీతో ఆయన మంచిగా ఉన్నారన్నది ఆ అమ్మాయి ఫిర్యాదుకు జవాబు కాదు, అంతవరకే నేను చెప్పేది.

ఇలాంటి లేఖలతో చాలా పెద్దవాళ్లే చిక్కుల్లో పడ్డారు. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అవితల్ రోనెల్ మీద ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసిన విద్యార్థి ఒకరు ఇచ్చిన ఫిర్యాదుపై విచారణ నడిచింది. ఇక్కడ ప్రొఫెసర్ ఆడమనిషి, ఫిర్యాదు చేసింది మగవాడు. పేరున్న అధ్యాపకులు పదుల సంఖ్యలో యూనివర్సిటీకి లేఖ రాశారు. విచారణ పత్రాలు తాము చూడలేదని అందులోనే ఒప్పుకుంటూ, ఆమె ఎంత గొప్ప పండితురాలో చెబుతూ, ఫిర్యాదు వెనక దురుద్దేశం ఉందన్నారు. స్త్రీవాద తత్వవేత్తగా ప్రపంచమంతా తెలిసిన జుడిత్ బట్లర్ కూడా సంతకం చేశారు. రోనెల్ ఆరోపణలను ఖండించారు. యూనివర్సిటీ మాత్రం లైంగిక వేధింపు జరిగిందని తేల్చి ఒక విద్యా సంవత్సరం పాటు సస్పెండ్ చేసింది. ఆ ఆగస్టులోనే బట్లర్ బహిరంగంగా రాశారు: ఫిర్యాదుదారుకు ఉద్దేశాలు అంటగట్టి ఉండాల్సింది కాదని, పేరు ప్రతిష్ఠలున్నవాళ్లను వేరుగా చూడాలన్న అర్థం వచ్చేలా రాయాల్సింది కాదని. జీవితమంతా అధికారం గురించి రాసినవాళ్లు కూడా తమకు కావలసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి అధికారం ఉన్నవైపే నిలబడ్డారు. అందుకే దీన్ని ఆడ, మగ తగాదాగా చూసేవాళ్లకు నేను ఈ కేసే గుర్తు చేస్తుంటాను.

ఇక ఆ మేడమ్ మాట. ‘నువ్వు ఆడపిల్లవి కాబట్టి’ అన్నారు కదా. నువ్వేం చూశావు, నీకేం తెలుసు అని ఆవిడ మిమ్మల్ని ఒక్కసారైనా అడిగారా? అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. వాళ్లకు కావలసింది మీకు తెలిసిన సంగతి కాదు, లేఖలో ఒక ఆడపిల్ల పేరు.

సినాప్సిస్ సార్ టేబుల్ మీద ఉందన్న వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో విడిచేశారు గానీ అసలు విషయమంతా అందులోనే ఉంది. మీరు ఐదో ఏడాదిలో ఉన్నారు, పని పూర్తయింది, ఇంకో నాలుగు మెట్లెక్కితే డాక్టర్ అయిపోతారు. అయినా ఒక కాగితం మీద సంతకం పెట్టనని చెప్పడానికి మీకు చెయ్యి వణుకుతోంది. ఆ అమ్మాయి నిన్నగాక మొన్న చేరింది. ఫెలోషిప్ బిల్లు మీద గైడ్ సంతకం కావాలి. సెలవు చీటీ మీద కావాలి. ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో ‘సంతృప్తికరం’ అన్న మాట కావాలి. కాన్ఫరెన్స్‌కి వెళ్లాలన్నా, పేపర్ మీద పేరు ఎన్నో స్థానంలో ఉండాలన్నా, థీసిస్ ఎవరు దిద్దాలన్నా ఆయనే. చదువు అయిపోయాక కూడా వదలదు, ప్రతి ఉద్యోగానికీ ఆయన ఇచ్చే రెఫరెన్స్ లెటర్ కావాలి. ఇవన్నీ ఒకే మనిషి పెన్నులో ఉన్నప్పుడు ఆ మనిషి బెదిరించాల్సిన పనే లేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే ఎత్తకుండా ఉండాలంటే ఆ అమ్మాయి ముందు ఈ లెక్కంతా వేసుకోవాలి.

అప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షలు వింతగా అనిపించవు. గ్రూపులో అందరూ పెట్టినప్పుడు తను ఒక్కతే పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న మర్నాడే వస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ వల్ల తెలిసేది తను ల్యాబ్‌లో ఎలాగోలా నెట్టుకొస్తోందని. ఏమీ జరగలేదని దాన్నిబట్టి చెప్పలేం.

‘నేనైతే అప్పుడే చెంప పగలగొట్టేదాన్ని’ అనేవాళ్లు మీ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఉండే ఉంటారు. జూలీ వుడ్‌జికా, మరియాన్ లాఫ్రాన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ మాటనే పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో మగ అధికారి అసభ్యమైన ప్రశ్నలు వేస్తే ఏం చేస్తారని కొంతమంది యువతులను అడిగారు. కోపం వస్తుందన్నారు. మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక ప్రశ్నకైనా జవాబు ఇవ్వబోమని అన్నారు. వేరే యువతులను నిజంగా ఇంటర్వ్యూ అని నమ్మించి కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేశారు. ఒక్కరు కూడా జవాబివ్వడం మానలేదు, ఒక్కరూ లేచి వెళ్లలేదు. కోపం కంటే ఎక్కువమందికి కలిగింది భయం. దక్కుతుందో లేదో తెలియని ఒక ఉద్యోగానికే అంత. ఇక్కడ చేతిలో ఉన్న చదువు పోతుంది.

ఏడాది ఆలస్యం గురించి కూడా ఒక మాట. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, యూనివర్సిటీల కోసం 2015లో వచ్చిన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనలు ఫిర్యాదుకు మూడు నెలల గడువు పెట్టాయి. వరసగా జరుగుతూ ఉంటే చివరి ఘటన నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. అది చూసుకోవాల్సింది కమిటీ, మీ వాట్సాప్ గ్రూపు కాదు. తనను వేధించారని జర్నలిస్టు ప్రియా రమణి ఆరోపిస్తే, కేంద్ర మాజీ మంత్రి ఎం.జె. అక్బర్ ఆమె మీద వేసిన పరువునష్టం కేసులో ఆమెను నిర్దోషిగా వదిలేస్తూ ఢిల్లీ కోర్టు 2021 ఫిబ్రవరిలో ఈ సంగతే ప్రస్తావించింది. సమాజంలో గౌరవం ఉన్న మనిషి కూడా వేధించవచ్చని, దశాబ్దాల తర్వాతైనా తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉంటుందని అంది. ఆ తీర్పు మీద అక్బర్ హైకోర్టుకు వెళ్లారు.

మరి ఇంత చదువుకున్నవాళ్లంతా ఆ అమ్మాయిలోనే లోపాలు ఎందుకు వెతుకుతున్నారు? కొంత స్వార్థం ఉంటుంది, సార్ ప్రాజెక్టుల మీద బతికేవాళ్లు కొందరు. కానీ అందరూ అలా కాదు. మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ 1966లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒక యువతికి తప్పు చెప్పినప్పుడల్లా కరెంట్ షాక్ ఇస్తున్నట్టు చూపించారు (నిజంగా ఇవ్వలేదు). ఆ బాధను ఆపే వీలున్నప్పుడు చూసేవాళ్లు ఎక్కువమంది ఆపారు. ఆపే వీల్లేదని, అది ఇంకా కొనసాగుతుందని తెలిసినవాళ్లు చివరికి ఆమె గురించే తక్కువగా మాట్లాడారు. ఆమెలో ఏదో లోపం ఉందనుకుంటే కళ్లముందు అన్యాయం జరిగిందని ఒప్పుకోనక్కర్లేదు కదా. మీ డిపార్ట్‌మెంట్‌లో చాలామంది చేస్తున్నది దుర్మార్గం కాదు, ఇదే. ఆమె చెప్పింది నిజమైతే ఇన్నాళ్లూ పక్క గదిలో కూర్చున్నవాళ్లంతా తమను తాము ఏదో ఒకటి అడుక్కోవాలి.

ఇప్పుడు అటువైపు నుంచి కూడా చూడాలి, లేకపోతే నేను చెప్పేది సగమే అవుతుంది. అబద్ధపు ఫిర్యాదులు ఉండవా? ఉంటాయి, తక్కువ. అమెరికాలో ఒక యూనివర్సిటీకి పదేళ్లలో వచ్చిన 136 లైంగిక దాడి ఫిర్యాదులను డేవిడ్ లిజాక్ బృందం పరిశీలించి 2010లో ప్రచురించింది. వాటిలో అబద్ధమని తేలినవి 8. మీ ల్యాబ్‌లో ఏం జరిగిందో ఈ అంకె చెప్పదు, అందుకే విచారణ. మీ సార్‌కి ఫిర్యాదు ప్రతి అందాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి, తన సాక్షులను పిలిపించుకోగలగాలి. తేలకముందే ఆయన్ని దోషి అనడం కూడా తప్పే. ఫిర్యాదు రుజువు కాకపోతే అమ్మాయి అబద్ధమాడిందని అర్థం కాదు, రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆమె మీద చర్య తీసుకోనక్కర్లేదని 2013 చట్టంలో 14వ సెక్షన్ చెబుతోంది. ఆయన నిర్దోషి అయితే ఆయనకు మేలు చేసేది శుభ్రంగా జరిగిన విచారణే. కమిటీ మీద ఒత్తిడి తెచ్చారన్న మచ్చ ఆ తీర్పుకు అంటితే ఎవరికి నష్టం? పైగా ఫిర్యాదుదారు ఎవరో, ఫిర్యాదులో ఏముందో బయటపెట్టకూడదని 16వ సెక్షన్ చెబుతోంది. ఆమె పేరున్న లేఖ, గ్రూపులో ఆమె స్క్రీన్‌షాట్లు ఇవన్నీ ఆ గీత దగ్గర ఆడుకోవడమే. మీరు దేన్నీ ఫార్వర్డ్ చేయకండి.

మీరు అడగని సంగతి ఒకటుంది. ‘ఎవరిని నమ్మాలి’ అని రాశారు గానీ, దానికి రెండు వాక్యాల ముందే మీరు ఒక సాక్ష్యం రాసేశారు. ‘అక్కా, సార్ మీకు కూడా రాత్రుళ్లు ఫోన్ చేస్తారా?’ ఫిర్యాదు రాకముందు, గొడవ ఊసే లేనప్పుడు ఆ అమ్మాయి మిమ్మల్ని ఈ మాట అడిగింది. అందులో ‘కూడా’ ఉంది. విచారణలో ఇలాంటిదానికి విలువ ఎక్కువ, తర్వాత అల్లిన కథ అనే వాదన ముందు ఇది నిలబడుతుంది. అంటే మీరు ఇటా అటా అని తేల్చుకోవాల్సిన ప్రేక్షకురాలు కాదు, సాక్షి. సాక్షి ఎవరినీ నమ్మక్కర్లేదు. తను విన్నది చెబితే చాలు.

అందుకని ఈ రోజే ఒక పని చేయండి. ఆ మాట మీకు గుర్తున్నంతవరకే రాసుకోండి. సుమారుగా ఏ నెల, ఎక్కడ నిలబడి ఉన్నారు, తను ఏమంది, మీరు ఏమన్నారు, ఇంకెవరైనా విన్నారా. గుర్తులేని చోట గుర్తులేదని రాయండి. తన ముఖం ఎలా ఉందో ఇప్పుడు ఊహించి చేర్చకండి. ‘పనుంటే చేస్తారులే’ అన్న మీ మాటను కూడా ఉన్నదున్నట్టు రాయండి, అది మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. సార్ మీకు నిజంగా రాత్రి ఫోన్లు చేసేవారా, చేస్తే దేనికి, అదీ రాయండి. చేయకపోతే చేయలేదని రాయండి. అది ఆయనకు పనికొస్తే రానివ్వండి. రాసేముందు ఆ అమ్మాయితో దీని గురించి మాట్లాడకండి, ఇద్దరూ కలిసి అనుకుని చెప్పారన్న మాట రాకూడదు. ఆయన గురించి మీకు తెలిసిన మంచి చెప్పాలనుకున్నా చోటు అదే కమిటీ. అక్కడ మిమ్మల్ని తిరిగి ప్రశ్నలడుగుతారు, లేఖనైతే ఎవరూ అడగరు.

‘చెబితే నా పీహెచ్‌డీ ఏమవుతుంది?’ అన్నది అసలు భయం. భయపడటం తెలివితక్కువ కాదు. యూజీసీ నిబంధనల్లో సాక్షుల ప్రస్తావన ఉంది, బాధితుల మీద గానీ సాక్షుల మీద గానీ కక్ష సాధింపు జరగకుండా చూడటం కమిటీ బాధ్యతల్లో ఒకటి. విచారణ నడుస్తున్నప్పుడు ఆరోపణలున్న వ్యక్తి ఫిర్యాదుదారు పనిని గానీ పరీక్షలను గానీ దిద్దకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయవచ్చు. మీరు సాక్షి కాబట్టి, మీ సినాప్సిస్ వేరే ఎవరైనా చూసే ఏర్పాటు చేయమని రాతపూర్వకంగా అడగండి. కో-గైడ్ ఉంటే పని తేలిక. కాగితం మీద ఉన్న రక్షణ కాగితం మీదే ఉండిపోవడం నేను చూడలేదని చెప్పను. అయినా అడిగినట్టు రికార్డు ఉంటే, రేపు సినాప్సిస్ కారణం లేకుండా ఆగినప్పుడు మీ చేతిలో ఒక తేదీ ఉంటుంది. ఇంకొకటి గమనించండి: ఆ నిబంధనల ప్రకారం వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, విభాగాధిపతులు (హెచ్‌ఓడీలు) ఆ కమిటీలో ఉండకూడదు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే ఎన్నికైన విద్యార్థి సభ్యులు ముగ్గురు, బయటి నుంచి ఒకరు ఉండాలి. మీ కమిటీలో హెచ్‌ఓడీ కూర్చుని ఉంటే, మీ భయానికి ఇంకో కారణం ఉన్నట్టే. దాన్ని కూడా రాతలో పెట్టండి.

మేడమ్‌తో వాదన పెట్టుకోకండి. ‘విచారణ నడుస్తోంది కదా మేడమ్, అది అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టను’ అనండి. మూడోసారి అడిగినా అదే వాక్యం. కారణాలు చెబితే ఒక్కో కారణానికీ ఆవిడ దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. సార్ స్వయంగా పిలిచి అడిగితే కూడా ఇదే మాట, మర్యాదగా. ఆ తర్వాత బయటికొచ్చి ఏ రోజు, ఏం అడిగారో రాసుకోండి.

ఆ అమ్మాయి ల్యాబ్‌కి వస్తోందో లేదో మీరు రాయలేదు. వస్తుంటే ఇంతకుముందు ఎలా పలకరించేవారో అలాగే పలకరించండి. ఏం జరిగిందో అడగొద్దు. నేను నీవైపే అని మాటివ్వాల్సిన పనీ లేదు. ఇన్‌స్ట్రుమెంట్ స్లాట్ విషయమో, గ్రూప్ మీటింగ్ టైమో మామూలుగా చెప్పండి చాలు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు మొదట ఆగిపోయేవి ఇవే, మీటింగ్ మారిందని ఎవరూ చెప్పరు, కెమికల్స్ ఆర్డర్ లిస్టులో పేరుండదు.

ఇంకోటి. సంతకం పెట్టకపోతే కృతఘ్నత అవుతుందేమోనని మీరు రాయలేదు గానీ, నాన్నగారి ప్రస్తావనలో అది వినిపించింది. ఆయన సాయానికి మీరు రుణపడి ఉన్నారు, సరే. ఆ రుణం మీది. మీకు దక్కిన మంచికి ఆ అమ్మాయి ఎందుకు కట్టాలి? రేపు కమిటీ ఆయన తప్పు లేదని తేల్చితే మీరు నిశ్చింతగా వెళ్లి పలకరించవచ్చు. మీరు దాచిందేమీ ఉండదు, అబద్ధం ఆడిందీ ఉండదు.

కమిటీ అధ్యక్షురాలికి మీరు రాసిందంతా ఈమెయిల్‌లో పంపండి, అందినట్టు జవాబు అడగండి. వారంలో జవాబు రాకపోతే కమిటీలోని బయటి సభ్యులకు కూడా పంపండి. విచారణ 90 రోజుల్లో ముగియాలి కాబట్టి మరీ ఆలస్యం చేయొద్దు. కాపీ మీ సొంత మెయిల్‌లో దాచుకోండి, ల్యాబ్ కంప్యూటర్‌లో మాత్రం వద్దు.